నూకరత్నం కట్టిన అట్టపెట్టె ఇళ్ళు

అనగా అనగా ఏటిగట్టు మీద ఒక ఊరుండేదిట తల్లీ. ఆ ఊళ్ళో సూరమ్మ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకుని నూకరత్నం అనే ఆవిడ ఉండేది.

ఆవిడ పనేమిటంటే, చెక్కబొమ్మలతో కథలు చెప్పడం. అట్టపెట్టె కోసి ఇల్లు చేసేది. అగరుపుల్లలతో వాసాలు, కొబ్బరిపీచుతో కప్పు, పగిలిన అద్దం ముక్కతో చెరువు. అందులో రాజు బొమ్మనో పెళ్ళికూతురు బొమ్మనో నిలబెట్టి, టార్చిలైటుతో ఎండ కాయించి ఫోటో తీసేది. ఆ ఫోటోలు వరసగా పేరిస్తే పిల్లలకు కథ అయ్యేది.

మరి బొమ్మల ఇళ్ళు నిజం ఇళ్ళలా ఉండాలి కదా. అందుకని ఊళ్ళో ఇళ్ళనే చూసి కట్టేది. వీధిలో నిలబడి, ఒక కన్ను మూసి, చీపురుపుల్ల ఎత్తిపట్టి గోడలు కొలిచేది.

"మా ఇంటికేసి ఏటలా చూస్తన్నావు?" అని అప్పలనరసమ్మ అడిగింది.

"బొమ్మలకి" అంది నూకరత్నం. దాంతో ఉన్న అనుమానం కాస్తా రెట్టింపయింది.

మొదట అప్పలనరసమ్మ ఇల్లే కట్టింది. గోడకు నెర్రె ఉంటే బొమ్మింటికీ నెర్రె గీసింది. వాళ్ళ గోడ సంగతి వాళ్ళకు తెలియదా అనుకుని నూకరత్నం ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత మూడు రోజులు వాన కురిసింది. ఆ గోడ కూలింది.

అప్పుడు గవరయ్య పశువుల పాక కట్టింది. అక్కడ ఒక గుంజ పక్కకు వాలి ఉంటే, అగరుపుల్లనూ అలాగే వాల్చింది. వారం తిరక్కుండా పాక పడిపోయింది. అదృష్టం, ఆవులు మేతకు వెళ్ళాయి.

ఇంకేముంది, బొమ్మల్లో ఏది చేస్తే ఊళ్ళో అదే జరుగుతోందని గుసగుసలు. నూకరత్నం వీధిలోకి వస్తే పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకునేవాళ్ళు.

"సాయంత్రానికల్లా దాన్ని పంపెయ్. లేకపోతే మేమే పంపుతాం" అని గవరయ్య సూరమ్మకు చెప్పాడు.

అప్పుడు సూరమ్మ నూకరత్నం గదిలోకి వచ్చింది, వెనకాలే గవరయ్యతో కలిపి పదిమంది. మూలన గుడ్డ కప్పిన పెట్టె ఉంది. గుడ్డ ఎత్తి చూస్తే అది సూరమ్మ ఇల్లే. నడిమి దూలం నిండా సూదితో పొడిచిన చిల్లులు. ఆ దూలానికి ఒక చిట్టి ఉయ్యాల.

సూరమ్మ మొహం పాలిపోయింది. నిజం ఇంట్లోనూ ఆ దూలానికే ఉయ్యాల. అందులో ఆవిడ మనవరాలు నిద్రపోతోంది మరి.

"ఆఖరికి నా ఇంటి మీదికే తెచ్చావా? మూట కట్టుకో."

"కట్టుకుంటాను సూరమ్మత్తా. పొద్దున్నే దూలం చూశాను, నువ్వు సంత నుంచి వచ్చాక చెబుదామనుకున్నాను. ముందు పాపను దించు. తర్వాత ఈ చీపురుపుల్లతో దూలాన్ని పొడిచి చూడు."

సూరమ్మ నమ్మలేదు. కానీ పాపను మాత్రం దించింది. ఆ తర్వాత పీటెక్కి పొడిచింది. పుల్ల జానెడు లోపలికి దిగిపోయింది. చెదలు తిన్న పొడి జలజలా ఖాళీ ఉయ్యాలలో రాలింది.

గవరయ్య ముందుకొచ్చి ఆ పొడిని వేళ్ళతో నలిపి చూశాడు.

"మా గుంజ కూడా ముందే వాలి ఉందేటి?" అన్నాడు గవరయ్య మెల్లిగా.

"వాలే ఉంది బాబాయ్. అందుకే అలా కట్టాను. నీకు చెప్పకపోవడం నా తప్పు."

చూశావా తల్లీ, రోజూ ఉండే ఇంటిని ఎవరూ పరకాయించి చూడరు. నూకరత్నం దాన్ని మళ్ళీ కట్టాలి కాబట్టి చూసింది.

సూరమ్మ ఆవిణ్ణి మూట కట్టనివ్వలేదు. అయినా అనుమానం అంత తొందరగా పోతుందా? వడ్రంగి కొత్త దూలం తెచ్చి వాకిట్లో దించితే, సూరమ్మ అతన్ని ఆపి నూకరత్నం దగ్గరికి వచ్చింది.

"ముందు నీ బొమ్మింట్లో కొత్త దూలం వెయ్యి. ఆ తర్వాతే మా ఇంట్లో. మా వంటింటి వైపు మాత్రం చూడకు."

కథేమో నడిచింది కంచికి,
మనమేమో చేరాం ఇంటికి,
ఇక నిద్ర రావాలి నీ కంటికి.