పింగాక్షుడి పిలుపు, గోరింక బదులు

చాలా కాలం కిందట, ఓడలకు చుక్కలే దారి చూపే రోజుల్లో, నడిసముద్రంలో ఒక దీవి ఉండేది. ఆ దీవి నిండా గుడ్లగూబలే. వాటివి పెద్ద కాళ్లు, పొట్టి రెక్కలు. శత్రువన్నదే లేదు కనుక అవి ఎగరడం ఏనాడో మానేశాయి. నేలమీదే నడిచేవి, నేలమీదే గుడ్లు పెట్టేవి.

ఒకనాడు మంచినీళ్ల కోసం ఒక ఓడ ఆగింది. అందులోని ఎలుకలు ఒడ్డుకు దిగాయి. ఓడ వెళ్లిపోయింది, ఎలుకలు ఉండిపోయాయి. ఏటేటా గుడ్లన్నీ తినేశాయి. చివరికి పింగాక్షుడనే ముసలి గుడ్లగూబ ఒక్కడే మిగిలాడు.

రోజూ పొద్దుగుంకేవేళ అతడు కొండకొమ్మున నిలబడి తనవాళ్లను పిలిచేవాడు. బదులు వచ్చేది కాదు.

ఒక గాలివానకు దారి తప్పి, రెక్క దెబ్బతిన్న గోరింక ఒకటి అక్కడ పడింది. పింగాక్షుడు దానికి పళ్లు ఏరి తెచ్చిపెట్టాడు. తానుండే రాతి నీడలో చోటిచ్చాడు. మా ఊళ్లో చెట్టుకు వందమందిమి ఉంటామని గోరింక చెబితే, మళ్లీ మళ్లీ చెప్పించుకుని వినేవాడు.

గోరింకకు జాలి వేసింది. ఏ గొంతునైనా అనుకరించడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. ఒక సాయంత్రం మేతకని చెప్పి, కొండకింది లోయ అవతలికి గెంతుకుంటూ పోయి, గుడ్లగూబ గొంతుతో బదులు పలికింది. ఆ తర్వాత రోజూ అలాగే చేసింది.

మొదటిరోజు పింగాక్షుడు నమ్మలేక చెవులు రిక్కించాడు. రెండోరోజు ఈకలు దువ్వుకున్నాడు. మూడోరోజు ఆ ముసలి కాళ్లతో లోయలోకి దిగాడు. జారిపడ్డాడు, లేచాడు, మళ్లీ నడిచాడు. అవతలి గట్టు చేరేసరికి కాళ్లు నెత్తురోడుతున్నాయి.

పొదలో దాక్కున్న గోరింక అది చూసింది. కదలకుండా ఉంటే ఎవరికీ తెలియదు. కానీ ఉండబట్టలేక ముందుకు వచ్చి తల వంచుకుంది.

"తాతా, పలికింది నేనే. ఇక్కడ మీవాళ్లెవరూ లేరు."

పింగాక్షుడు గట్టు మీద చతికిలబడ్డాడు.

"ఎవరూ లేరని నాకూ తెలుసు, బిడ్డా. అయినా ఆశ ఊరుకోలేదు. ఇక ఆ గొంతుతో పలకకు. నీ గొంతుతోనే మాట్లాడు. కాసేపు ఇలా కూర్చో."

గోరింక కూర్చుంది. రెక్క మానాక కూడా వెళ్లలేదు. పింగాక్షుడు ఆ తర్వాత ఎవరినీ పిలవలేదు. వానలు మొదలయ్యేనాటికి, గోరింక పక్కనుండగానే, నెమ్మదిగా కన్నుమూశాడు. ఆ జాతిలో అతడే ఆఖరివాడు.

ఒంటరిగా ఉన్నవారికి ఊరడించే అబద్ధం కన్నా, నిజం చెప్పి పక్కన కూర్చునే తోడే మేలు.