పదును నాటి మాట

చెన్నరాయుడు అనే రైతు, నలుగురూ నవ్వుతారేమోనన్న జంకుతో ఊరు విడిచి, ఉడుములగుట్ట కింద తన చిన్న చేనులోనే కొట్టం వేసుకుని ఒంటరిగా ఉండేవాడు.

ఆ జంకు ఆయనకు చిన్నప్పటినుంచీ ఉంది. ఒకసారి భజనలో గొంతెత్తి పాడబోతే కీచుమంది. జనం నవ్వారు. మళ్ళీ భజనకు పోలేదు. ఒక పెళ్ళిలో ఆయన పంచె కట్టు చూసి ఎవరో ఏదో అన్నారు. పెళ్ళిళ్ళకు పోవడం మానేశాడు. భార్య ఉన్నన్నాళ్ళూ ఆమె చేయి పట్టుకుని నలుగురిలోకి లాక్కుపోయేది. ఆమె పోయాక లాక్కుపోయేవాళ్ళు లేరు. ఉప్పుకో చింతపండుకో ఊళ్ళోకి వచ్చినప్పుడు టీ కొట్టు దగ్గర ఒక పక్కగా నిలబడి టీ తాగి వెళ్ళిపోయేవాడు.

"నాకు ఎవరితోనూ పని లేదు" అనేవాడు.

అది అబద్ధం. పొద్దు వాలేవేళ కొట్టం ముందు కూర్చుని, బాటన పోయేవాళ్ళు తన వైపు తిరుగుతారేమోనని చూసేవాడు. ఎవరైనా తిరిగితే లేచి లోపలికి వెళ్ళిపోయేవాడు.

ఒక ఏడు ఆయన ఎద్దుల్లో ఒకటి పాము కరిచి చచ్చిపోయింది. ఇంకొకటి కొనే స్థోమత లేదు. వేరుశనగ విత్తాలంటే పళ్ళతో సాళ్ళు తీసే గొర్రు కట్టాలి. గొర్రు లాగాలంటే కాడి కింద రెండు ఎద్దులు ఉండాలి. గుట్ట వాలున ఉన్న ఆ రాళ్ళ నేలకు ట్రాక్టరు ఎక్కిరాదు.

ఆయన చేను పక్కన పారే చిన్న వంకకు అవతలి గట్టున సుంకమ్మ చేను ఉండేది. ఆమె భర్త పోయాడు. ఒక్కతే కూతురు, పెళ్ళయి దూరాన ఉంది. సుంకమ్మ కూడా చేనులోనే కాపురం. ఆమెకూ ఒక్క ఎద్దే మిగిలింది. వంకకు ఇటూ అటూ ఉండి వాళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి ఒకరి పొయ్యి పొగ ఒకరు చూసుకున్నారే తప్ప మాట్లాడుకోలేదు.

ఒకరోజు ఆమే వంక దాటి వచ్చింది.

"ఏమప్పా చెన్నరాయప్పా! నీకో ఎద్దు, నాకో ఎద్దు. పొత్తు కడదామా?" అంది.

చెన్నరాయుడు బాట వైపు చూశాడు. ఎవరూ లేరు. అప్పుడు నోరు తెరిచాడు.

"నీ ఎద్దు ఏ పక్కది?"

కాడికి ఎడమన నడిచేది దాపటి ఎద్దు. కుడిన నడిచేది వలపటి ఎద్దు. కోడెగా ఉన్నప్పుడు ఏ పక్కన అలవాటు చేస్తే చివరిదాకా ఆ పక్కనే నడవాలని చూస్తుంది.

"దాపటిది" అంది సుంకమ్మ.

"నాదీ దాపటిదే. ఇంక కుదరదు పో."

"కుదరకపోయేదేముంది? ఒకదానికి పక్క మార్చి నేర్పితే సరి."

"నా ఎద్దు మారదు."

"ఎద్దు మారదా, నువ్వు మారవా?"

చెన్నరాయుడు ముఖం ముడుచుకున్నాడు. సుంకమ్మ నవ్వింది.

"సరేలే, నాదానికే నేర్పుతా. అది నా మాట వింటాది" అంది.

ఆ ఎండాకాలమంతా ఆమె ఎద్దుకు నేర్పింది. ఎద్దులు మారవని చెప్పేవాళ్ళు వాటికి నేర్పి చూసినవాళ్ళు కాదు. రెండింటినీ కాడి కింద కట్టి, వెనక ఒక దుంగ తగిలించి, చేనంతా తిప్పేవారు. ఆమె ఎద్దు మాటిమాటికీ ఎడమకు జరిగి చెన్నరాయుడి ఎద్దును నెట్టేది. సుంకమ్మ దాని మూపు మీద చేయి వేసి, "ఇటు నాయనా, ఇటు" అంటూ కుడికి లాక్కునేది. ఒకనాడు అది ఆమె కాలు తొక్కింది. మరునాడు పసుపు గుడ్డ కట్టుకుని కుంటుతూ వచ్చింది.

"ఈరోజుకు మానుకోరాదా?" అన్నాడు చెన్నరాయుడు.

"మానుకుంటే ఇది నిన్న నేర్చింది మరిచిపోతాది."

ఆ మధ్యాహ్నం ఆయన తన సంగటి ముద్దలో సగం తీసి ఆమె ముందు పెట్టాడు. భార్య పోయాక ఆయన ఎవరికైనా అన్నం పెట్టడం అదే మొదలు. సుంకమ్మ తన ఊరుబిండి పచ్చడి ఆయన పళ్ళెంలో వేసింది.

"ఉప్పు తక్కువ" అన్నాడు.

"నీ సంగటి ఉడకలేదు. నేనేమన్నా అన్నానా?" అంది ఆమె.

చెన్నరాయుడు నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది.

అప్పటినుంచి మధ్యాహ్నం పూట ఇద్దరూ గట్టున కూర్చుని తినేవారు. ఆమె కూతురి సంగతులు చెప్పేది. ఆయన భార్య సంగతులు చెప్పేవాడు. ఆయన తప్పు మాట్లాడితే ఆమె ముఖం మీదే నవ్వేది. ఆ నవ్వు ఆయనకు గుచ్చుకోలేదు. ఎందుకో ఆయన ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే బాగుండేది.

పొత్తుకు సుంకమ్మ ఒక ఒప్పందం పెట్టింది. తొలకరి వాన పడ్డాక మట్టి విత్తడానికి సరిగ్గా ఉండే తడిని పదును అంటారు. అది ఆరేలోపే విత్తాలి.

"ఈ ఏడు మొదటి రోజు నీ చేను, రెండో రోజు నాది. వచ్చే ఏడు మొదటి రోజు నాది, రెండో రోజు నీది. పదును రోజు మాట తప్పకూడదు" అంది.

"తప్పను" అన్నాడు చెన్నరాయుడు.

ఆ ఏడు ఆయన చేను ఒత్తుగా మొలిచింది. ఆమె చేను పళ్ళూడిన నోరులా, ఇక్కడొకటి అక్కడొకటి మొలిచింది.

"ఏంది ఇట్లా మొలిచింది?" అని అడిగాడు.

"నాది పైన ఇసుక, కింద బండ. వాన పడిన మరునాటికే ఆరిపోతాది. నీది ఎర్రనేల, రెండు మూడు దినాలు తడి పట్టుకుంటాది. వచ్చే ఏడు ముందు నాదే కదా. అప్పుడు చూద్దువు నా చేను."

ఆమె ఆ పలచటి పంటతోనే ఏడాది గడిపింది. ఒక్క మాట అనలేదు.

మరుసటి ఏడు తొలకరి వాన సాయంత్రం పూట పడింది. ఆ వేళకు చెన్నరాయుడు ఊళ్ళో ఉన్నాడు. తడవకుండా టీ కొట్టు చూరు కింద నిలబడ్డాడు. అక్కడ వన్నూరప్ప కూర్చుని ఉన్నాడు. ఆయనకు మంచి జత ఎద్దులు, అంతకంటే మంచి నోరు ఉండేవి. ఆయన చుట్టూ ఎప్పుడూ నలుగురు చేరేవారు.

"ఏం చెన్నరాయప్పా, రేపు గొర్రు ఎవరి చేనులో?" అన్నాడు వన్నూరప్ప.

"సుంకమ్మ చేనులో" అన్నాడు చెన్నరాయుడు.

"నీ చేను ఎండబెట్టుకుంటావా?"

"నాది రెండో రోజు. అట్లా అనుకున్నాం."

వన్నూరప్ప చుట్టూ ఉన్నవాళ్ళ వైపు తిరిగాడు.

"చూసినారా! సుంకమ్మ ఎద్దుకే పక్క మార్చి నేర్పిందనుకున్నా. ఈయనకు కూడా ముక్కుతాడు వేసింది!"

అందరూ ఘొల్లుమన్నారు. ఒకడు నవ్వు ఆపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. ఇంకొకడు, "అయితే పెళ్ళి పప్పన్నం ఎప్పుడు మామా?" అన్నాడు.

చెన్నరాయుడి చెవులు ఎర్రబడ్డాయి. "ముక్కుతాడా? రేపు వచ్చి చూడండి. ముందు విత్తేది నా చేనే!" అన్నాడు.

వానలోనే ఇంటికి నడిచాడు.

తెల్లవారేసరికి సుంకమ్మ తన చేనులో గొర్రు సిద్ధం చేసి, విత్తనాల గంప పక్కన పెట్టుకుని నిలబడి ఉంది. చెన్నరాయుడు ఎద్దు లేకుండా వంక దాటి వచ్చాడు.

"ఎద్దు ఏది అప్పా? పొద్దెక్కుతాంది."

"ఈరోజు ముందు నా చేను విత్తాలి."

సుంకమ్మకు అర్థం కాలేదు. "నీది రేపు కదా?"

"ఊళ్ళో అందరితో చెప్పేసినా. మాట పోతాది."

"నాతో చెప్పిన మాట?"

చెన్నరాయుడు తల పక్కకు తిప్పుకున్నాడు. గుట్ట బాటన మనుషులు చేలకు పోతున్నారు. వాళ్ళలో వన్నూరప్ప తలగుడ్డ కనబడింది.

"చెన్నరాయప్పా, నా నేల సంగతి నీకు తెలుసు. ఈరోజు తప్పితే నాకు ఈ ఏడు చేనే లేదు. నీది రేపైనా మొలుస్తాది, ఎల్లుండైనా మొలుస్తాది. మధ్యాహ్నం దాకా నాది విత్తుదాం. తర్వాత నీదానికే పోదాం" అంది సుంకమ్మ.

"వాళ్ళు చూస్తాండారు" అన్నాడు ఆయన.

సుంకమ్మ బాట వైపు చూసింది. ఆయన వైపు చూసింది. ఆమె ఎద్దు ఆమెది. ఇవ్వనని కట్టేసుకుంటే ఎవరి చేనూ సాగదు. అయినా ఆమె ఎద్దు పగ్గం విప్పింది.

"పద. రెండు చేలు ఎండడం కంటే ఒకటన్నా మొలవనీ" అంది.

ఆ రోజంతా చెన్నరాయుడు గొర్రు పట్టాడు. సుంకమ్మ వెనక నడుస్తూ గింజలు వదిలింది. ఆమె నడిచిన సాలులో ఒక్క గింజ ఎక్కువ పడలేదు, ఒక్కటి తక్కువ పడలేదు. వంక అవతల ఆమె చేను ఎండకు ఆవిరి కక్కుతూ ఉంది. ఆమె అటు చూడలేదు. మధ్యాహ్నం గట్టున కూర్చోలేదు. ఎద్దులకు నీళ్ళు పెట్టి, వాటి పక్కనే నిలబడి తింది.

బాటన పోతూ వన్నూరప్ప చేయి ఊపాడు. చెన్నరాయుడు ఛాతీ విరుచుకున్నాడు.

మరునాడు సుంకమ్మ చేనులో గొర్రు దించితే దుమ్ము లేచింది. గొర్రు పళ్ళు బండను గీరాయి. "చాల్లే" అంది ఆమె. మళ్ళీ వాన పడేసరికి కాలం దాటిపోయింది. ఆ ఏడంతా సుంకమ్మ ఆ వయసులో పరాయి చేలలో కలుపు తీసి బతికింది.

చెన్నరాయుడి పంట బాగా వచ్చింది. కాయలు ఒలుచుకుంటూ ఆయన ఒక్కడే గట్టున కూర్చునేవాడు. కోపం తగ్గాక ఆమే వస్తుందిలే అనుకున్నాడు. తానే వంక దాటి పోలేదు. పోతే ఎవరైనా చూసి నవ్వుతారేమో అనుకున్నాడు.

మూడో ఏడు తొలకరి దగ్గరపడింది. అప్పుడు ఆయన వంక దాటాడు. సుంకమ్మ ఇంటి ముందు చాటలో విత్తనాలు చెరుగుతూ ఉంది. కూర్చోమని చెప్పి మంచినీళ్ళు ఇచ్చింది.

"ఈ ఏడు ముందు నీ చేనే విత్తుదాం. వచ్చే ఏడు కూడా నీదే" అన్నాడు చెన్నరాయుడు.

"నేను తిప్పన్నతో పొత్తు కట్టినా" అంది ఆమె. తిప్పన్న వంక దిగువన ఉండే రైతు. "ఆయనది కూడా దాపటి ఎద్దే. నాది వలపట నేర్చింది కదా, చక్కగా జతపడింది."

"నాకు తప్పయిపోయింది సుంకమ్మా. వాళ్ళంతా నవ్వినారు. తట్టుకోలేకపోయినా."

"నన్ను చూసి మాత్రం నవ్వలేదా? నీతో పొత్తు కట్టిన రోజునుంచీ నవ్వుతానే ఉండారు. నేను నీకు ఎప్పుడన్నా చెప్పినానా?"



"పోనీ ఎద్దు వద్దు. అప్పుడప్పుడు వచ్చి కాసేపు మాట్లాడిపోనా?" అన్నాడు చివరికి.

సుంకమ్మ చాట కింద పెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆయనకు కొంత ఆశ మిగిలేది.

"నువ్వు మాట్లాడుతా ఉంటే బాటన ఎవరన్నా పోతారు. అప్పుడు నువ్వు నన్ను ఎరగనట్టు లేచిపోతావు. నాకు వద్దప్పా. నీళ్ళు తాగి పో" అంది.

ఆయన ఊళ్ళోకి వెళ్ళాడు. ఒంటి ఎద్దు ఉన్న ప్రతి ఇంటికీ పోయి పొత్తు అడిగాడు. "పదును రోజు మాట తప్పినవాడితో మాకెందుకు?" అన్నారు. ఆఖరికి టీ కొట్టు దగ్గర వన్నూరప్ప ముందు నిలబడ్డాడు.

"వాన పడినప్పుడు నీ జత ఒక్క రోజు ఇస్తావా?" అని అడిగాడు.

"పదును రోజా? నా చేనుకే చాలదు కదప్పా! అయినా సుంకమ్మతో నీకు మంచి పొత్తు ఉండె కదా. ఎందుకు చెడగొట్టుకున్నావు?" అన్నాడు వన్నూరప్ప.

చెన్నరాయుడు ఆయన ముఖంలోకి చూశాడు. "నువ్వు అన్నదానికే కదా!"

"నేనా? నేనేమన్నా?"

"ముక్కుతాడు వేసిందని అనలేదా?"

వన్నూరప్ప నిజంగానే గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. గుర్తు రాలేదు. "అని ఉంటాలే. టీ తాగేటప్పుడు ఎన్నో అంటాం. అవన్నీ పట్టుకోని ఎవరన్నా కాపురం చెడగొట్టుకుంటారా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తర్వాత వాళ్ళు గొర్రెల ధర గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

ఆ వారంలోనే వాన పడింది. వంక అవతల సుంకమ్మ చేనులో కాడి కదిలింది. తిప్పన్న ఏదో అన్నాడు, ఆమె నవ్వింది. ఇవతల చెన్నరాయుడు ఒంటి ఎద్దు పగ్గం పట్టుకుని, ఆరిపోతున్న తన ఎర్రనేలలో పొద్దు వాలేదాకా నిలబడ్డాడు. ఆ ఏడే కాదు, ఆ తర్వాత ఏ ఏడూ ఆయన చేనులోకి రెండో మనిషి రాలేదు.

నీతి: నవ్వేవాళ్ళు నవ్వి మరిచిపోతారు, వాళ్ళ నవ్వుకు జడిసి తోడును వదులుకున్నవాడు బతికినన్నాళ్ళూ ఒంటరిగా మిగులుతాడు.