చింపిరి ఎత్తిన బండ

గుండ్లబోడు అని ఒక అడవి. అక్కడ చెట్లకంటే బండలే ఎక్కువ. ఆ బండల మధ్య ఎలుగుబంట్లు, కొండముచ్చులు, అడవికోళ్ళు బతికేవి.

ఎలుగుబంట్లలో చింపిరి అనే తల్లి ఉండేది. ఆమెకు ఇద్దరు పిల్లలు. ఇద్దరూ బొద్దుగా, గుమ్మడికాయల్లా ఉండేవారు. ఎలుగుబంటి పిల్లలు తల్లి వీపు మీదెక్కి ఊరేగుతాయి, ఎంత చిత్రమో చూడండి! వాగు దాటినా, గుట్ట ఎక్కినా వాళ్ళు వీపు మీదే. దిగమంటే దిగరు.

ఎండాకాలం వచ్చింది. చెదపురుగులన్నీ చల్లదనం వెతుక్కుంటూ బండల కిందికి పోయాయి. ఎలుగుబంట్లకు అవే తిండి. బండ లేపితేనే కడుపు నిండుతుంది.

బండ ఎత్తడం మగవాళ్ళ పని అని ఆ అడవిలో ఒక మాట ఉండేది. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో ఎవరికీ తెలియదు. తెలియని మాటనే అందరూ గట్టిగా పట్టుకుంటారు, ఏం చేస్తాం!

చింపిరి వెళ్ళి భీకరుడు అనే మగ ఎలుగును అడిగింది.

"అన్నా, వాగు పక్కన పెద్దబండ కాస్త ఎత్తవా? పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు."

"చూద్దాంలే చెల్లెమ్మా" అన్నాడు భీకరుడు, కళ్ళు కూడా తెరవకుండా.

పొద్దున అడిగితే చూద్దాంలే. మధ్యాహ్నం అడిగితే చూద్దాంలే. చివరికి ఎండ చల్లబడ్డాక ఒళ్ళు విరుచుకుంటూ వచ్చాడు. అడవంతా వినబడేలా అరిచి బండ పక్కకు దొర్లించాడు. మూతి పెట్టి చెదలన్నీ జుర్రుకున్నాడు. అడుగున నలిగినవి నాలుగు మిగిల్చి, "తినండి పాపం" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఇంకో బండ దగ్గర మళ్ళీ ఇదే. ఆ మర్నాడూ ఇదే. పిల్లల డొక్కలు లోపలికి పోయాయి.

చింపిరికి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. "నేనే ఎత్తుతాను" అంది.

చెట్టు మీద కొండముచ్చు తల్లి మంగి కిచకిచలాడింది. "అయ్యో వదినా, ఆడవాళ్ళు బరువులెత్తితే మీసాలు మొలుస్తాయట!"

చింపిరి తనను తాను పైనుంచి కిందిదాకా చూసుకుంది. "మంగీ, నా ఒళ్ళంతా వెంట్రుకలే. ఇంక మీసం మొలవడానికి చోటెక్కడుందే?"

"ఏమో, అందరూ అంటున్నారు మరి."

నవ్వింది గాని, చింపిరికి లోపల బెదురు పుట్టింది. ఇంకా ఎవరూ కదపని ఒక పెద్దబండ దగ్గర వంగింది. నడుం వంచి గుంజింది. బండ కదల్లేదు, నడుం కలుక్కుమంది. "నావల్ల కాదు. వాళ్ళు అన్నది నిజమే" అని కూలబడింది.

"ఏమే! బండ ఎత్తలేకపోయావు గాని, నావల్ల కాదన్న మాట మాత్రం ఎంత సులువుగా ఎత్తావే!"

అన్నది నారత్త. పళ్ళూడిన ముసలి ఎలుగు. అందరికీ మేనత్త వరస.

"అత్తా, నేను ఆడదాన్ని. బరువెప్పుడు ఎత్తాను గనక?"

నారత్త నుదురు కొట్టుకుంది. "నా తల్లే! ముందు ఆ ఇద్దరినీ వీపు మీంచి దించు."

చింపిరి పిల్లల్ని దించింది. నారత్త తలగడంత రాయి ఒకటి చూపించింది. "ఇది ఎత్తి చూడు."

చింపిరి ఎత్తింది. "ఇదేముంది అత్తా, తేలిగ్గా ఉంది."

"ఇప్పుడు నీ పెద్దవాణ్ణి ఎత్తు."

ఎత్తింది. రాయి వైపు, పిల్లవాడి వైపు మార్చి మార్చి చూసింది. పిల్లవాడు రాయికంటే బరువు! అలాంటి వాళ్ళు ఇద్దరు, ఇన్నాళ్ళూ వీపు మీద!

"ఎవరూ దాన్ని బరువు అనలేదు. అందుకే నీకు తెలియలేదు" అంది నారత్త. "సరే, ఇటు రా. కాళ్ళు ఎడంగా పెట్టు. రాయికి దగ్గరగా నిలబడు. నడుం వంచకు, కూర్చున్నట్టు కిందికి దిగు. రాయిని బిడ్డలా పొట్టకు హత్తుకో. ఊపిరి బిగబట్టి కాళ్ళతో నేలను తొక్కు."

చింపిరి తొక్కింది, లేచింది.

"పెద్దబండ దగ్గరికి పోదామా అత్తా?"

"ఇప్పుడే పరుగెందుకే! ఇది చులకనయ్యాక ఇంకాస్త పెద్దది."

మర్నాడు తొడలు పట్టేశాయి. "చచ్చాను అత్తా!" అంది చింపిరి.

"కండ నొప్పి వేరు, దెబ్బ వేరు. ఇవాళ పడుకో. తిని పడుకుంటేనే బలం. రేపు చూద్దాం."

అలా కాస్త కాస్త పెద్ద రాళ్ళు వచ్చాయి. చిన్న రాళ్ళ కింద దొరికిన చెదలతోనే పిల్లలు గడుపుకొచ్చారు. ఒక్కోసారి రాయి లేచేది కాదు. చింపిరి విసుక్కునేది. నారత్త అంతకంటే ఎక్కువ విసుక్కునేది. "లేవకపోతే దించి మళ్ళీ పట్టు! అలగడానికి రాయేమన్నా నీ మొగుడా?"

ఒక పొద్దున చింపిరి పెద్దబండ ముందు నిలబడింది. భీకరుడు దారిన పోతూ పగలబడి నవ్వాడు. "చెల్లెమ్మా, నడుం విరుగుతుంది, జాగ్రత్త!"

చింపిరి బండకు దగ్గరగా జరిగింది. కాళ్ళు ఎడంగా పెట్టింది. దిగింది. హత్తుకుంది. నేలను తొక్కింది.

బండ లేచింది. పక్కన మెల్లగా దించింది. కింద తెల్లగా గుట్టలు గుట్టలు చెదలు! పిల్లలు మూతులు ముంచేశారు.

భీకరుడి మొహం నల్లబడింది, ఉన్న నలుపు చాలనట్టు. "ఓస్, ఇదొక బండా! ఇటు చూడండి" అని దానికి రెండింతలున్న బండ మీదికి దూకాడు. కాళ్ళు ఎడంగా పెట్టలేదు, ఊపిరి పట్టలేదు. వంగి ఒక్క గుంజు గుంజాడు.

కటుక్కు!

ఉన్నవాడు ఉన్నట్టే బోర్లా పడ్డాడు. నడుం పట్టేసి లేవలేకపోయాడు.

సాయంత్రానికి భీకరుడికి ఆకలేసింది. "చెల్లెమ్మా, ఆ రాయి కాస్త ఎత్తి నాకు నాలుగు చెదలు చూపించవా?"

"చూద్దాంలే అన్నా" అంది చింపిరి.

పిల్లలు కడుపారా తిన్నాకే వెళ్ళి అతని మూతి ముందు రాయి ఎత్తింది. భీకరుడు తలెత్తకుండా తిన్నాడు.

తిరిగి వస్తుంటే మంగి చెట్టు దిగి వచ్చింది. చంకలో పిల్ల వేలాడుతోంది. "వదినా, మీసాల సంగతి పోనీలే. నేనూ ఎత్తగలనంటావా?"

చింపిరికి విసుగూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

"ముందు ఆ చంకలో పిల్లను దించవే!"

నీతి: ఎత్తి చూడకముందే చేతకాదని అనుకోవద్దు, చిన్న రాయితో మొదలుపెట్టి, పద్ధతిగా, ఓపిగ్గా ఎత్తినవారికి పెద్దబండ కూడా లేస్తుంది.