కొండడు వదిలేసిన వెనక తాడు

అనగనగా ఒక అడవి. ఎంత పెద్ద అడవి అనుకున్నారు! పొద్దున్నే బయల్దేరిన చిలక సాయంత్రానికి గానీ ఆ చివరకు చేరదు. ఆ అడవి పక్కన ఒక ఏరు. ఏటి మధ్యలో ఒక లంక. లంక నిండా పచ్చగడ్డి, ఆ గడ్డిలో ముప్పై జింకలు.

ఎండాకాలంలో ఆ ఏరు ఎంత మంచిదో! జింకలు నీళ్లు తాగుతూ తాగుతూనే ఒడ్డుకు నడిచొచ్చేస్తాయి. వానలు పడితే మాత్రం అమ్మో, కొండల మీంచి ఎర్రనీళ్లు దూకుతూ వస్తాయి. కిందటేడు వరదకు మూడు జింకపిల్లలు కొట్టుకుపోయాయి.

అది చూసి నూకాలవ్వ ఏడ్చింది. నూకాలవ్వంటే ఏటి ఒడ్డున బొరియలో ఉండే ముసలి నీటికుక్క. కళ్లు తుడుచుకుని, పిల్లల్నీ మనవల్నీ పిలిచి, పడవ కట్టడం మొదలుపెట్టింది. ఏడాది పట్టింది.

ఆ పడవను చూడాలి! నల్లమద్ది చెక్క. ముప్పై జింకలు ఒక్కసారే ఎక్కొచ్చు. పక్కన నిలబడితే ఆకాశం సగమే కనిపించేది. పిట్టలు కూడా దాని మీద వాలి, ఏదో గుళ్లోకి వచ్చినట్టు చప్పుడు చెయ్యకుండా కూర్చునేవి.

ఏనుగు పెద్దమ్మ ఆ పడవను నాలుగు చక్రాల బండి మీదికి ఎత్తిపెట్టింది. "చెల్లెలికి పురుడు వచ్చింది, చూసి ఎల్లుండికి వచ్చేస్తా. నేనే ఏట్లోకి దింపుతా" అని చెప్పి కొండ అవతలికి వెళ్లింది.

ఆ రాత్రే వానలు మొదలయ్యాయి. ఇంకా నెల ఉందనుకున్న వానలు! తెల్లారేసరికి ఏరు పెరిగింది. జింకలు పిల్లలతో సహా లంకలో చిక్కుకుపోయాయి.

"అవ్వా! నూకాలవ్వా!" అని లంకలోంచి చినతల్లి అరిచింది. ఆ మందకు పెద్ద జింక ఆమే. "గడ్డి సగం మునిగింది అవ్వా!"

"భయపడకమ్మా, అసలు వరద మధ్యాహ్నానికి గానీ రాదు. ఈలోగా వచ్చేస్తాం!" అంది అవ్వ. అరిచి చెప్పింది గానీ, బండిని లాగేదెవరు?

"నేనున్నాగా!" అన్నాడు కొండడు.

కొండడు ఒక గాడిద. పుట్టినప్పుడు వాళ్లమ్మ ఎంతో ఆశపడి ఆ పేరు పెట్టుకుంది. ఆకారం మాత్రం గులకరాయంతే. కానీ మనసు? అబ్బ, మనసు మాత్రం నిజంగా కొండే! ఆ పడవను తానే లాగినట్టు, అడవంతా నోళ్లు తెరిచి చూసినట్టు రోజూ కలలు కనేవాడు.

చెట్టు మీది కాకి నవ్వింది. "ఒరే కొండా, నువ్వు పడవను లాగుతావా, పడవ నిన్ను లాగుతుందా?"

"నోర్ముయ్యవే నల్లదానా! ఎంత దూరమనీ? వంద అడుగులేగా!"

అవ్వ నవ్వలేదు. కొండడి మెడ నిమిరింది. "లాగుతావురా మనవడా, నాకు తెలుసు. కానీ మా నీటికుక్కల్లో ఒక పద్ధతుంది. ముందు వెనక తాడు కట్టాలి, ఆ తర్వాతే ముందు తాడు. ముందు తాడు లాగడానికి, వెనక తాడు ఆపడానికి. బొరియలో పెద్ద తాడుంది, తెస్తా. బండి వెనక కట్టి, ఈ మద్దిమోడుకు ఒక చుట్టు వేసి, మేమంతా పట్టుకుని మెల్లమెల్లగా వదులుతాం. నేనొచ్చేదాకా కదలకు."

"సరే అవ్వా" అన్నాడు కొండడు.

అవ్వ తన వాళ్లందర్నీ తీసుకుని వెళ్లింది. కొండడు ఏటి వైపు చూశాడు. జింకపిల్లలు బారుగా నిలబడి తననే చూస్తున్నాయి. ఆ చిన్న చిన్న కళ్లు చూసేసరికి వాడి గుండె పొంగిపోయింది.

'వంద అడుగులకు వెనక తాడెందుకు? అవ్వ వచ్చేసరికి పడవ నీళ్లలో ఉంటే ఎంత బాగుంటుంది!' అనుకున్నాడు.

అంతే. చక్రాల కింద పెట్టిన రాళ్లను కాలితో తన్నేశాడు. బండికి ముందున్న రెండు కర్రల మధ్య దూరి, మెడకు తాడు వేసుకున్నాడు.

ఒకసారి లాగాడు. బండి కదల్లేదు.

రెండోసారి లాగాడు. కిర్రుమంది గానీ కదల్లేదు.

మూడోసారి కళ్లు మూసుకుని, నాలుగు కాళ్లూ నేలలో గుచ్చి లాగాడు. కదిలింది! అంత పెద్ద పడవ, ఆకాశాన్ని సగం మూసేసే పడవ, ఒక బుల్లి గాడిద వెనక కదిలింది! జింకపిల్లలు గంతులేశాయి. కాకి కూడా నోరు తెరిచింది.

పది అడుగులు. ముప్పై. అరవై. "చూశావా కాకీ!" అన్నాడు కొండడు రొప్పుతూ.

అరవై అడుగుల తర్వాత పల్లం మొదలైంది.

తాడు వదులైంది. 'అరె, బరువు తగ్గిందే!' అనుకున్నాడు. మరుక్షణం వెనకనుంచి ఏదో మెల్లగా తోసింది. కొండడు వేగంగా నడిచాడు. మళ్లీ తోసింది. పరుగెత్తాడు. వెనక్కి తిరిగి చూస్తే ఆకాశమే లేదు, అంతా పడవే! ఆగాలని గిట్టలు బురదలో పాతాడు. బురదలో రెండు పొడుగాటి చాళ్లు పడ్డాయి గానీ బండి ఆగలేదు.

"అమ్మా!" అని అరిచాడు.



ముందు చక్రం ఒక బండరాయికి కొట్టుకుంది. కర్రలు ఫెళ్లున విరిగాయి. కొండడు బురదలో ఎగిరిపడ్డాడు. పడవ బండి మీంచి జారి, నీళ్లకు నాలుగడుగుల ఇవతల రాయికి గుద్దుకుని ఆగింది. నల్లమద్ది చెక్క ఒకటి నిలువునా చీలింది.

అప్పుడొచ్చింది అవ్వ, భుజాన తాడుచుట్టతో. ముందు పడవను చూడలేదు. కొండడి కాళ్లు నాలుగూ తడిమి చూసింది. "ఎముకలు బాగున్నాయి" అంది. తర్వాత పడవ చుట్టూ తిరిగింది. నీళ్లు దూరకుండా చీలికలో ఈతనార కుక్కి, పైన గుగ్గిలం పూసింది.

"ముప్పై మందిని మోయాల్సిన పడవ. ఇప్పుడు పదిమందే ఎక్కాలి. మూడుసార్లు తిరగాలి" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని కొండడికి అనిపించింది.

"నాలుగడుగులు మిగిలాయి కదవ్వా, ఎలా నెడతాం?"

"మనం నెట్టక్కర్లేదు. అటు చూడు."

ఏరు వచ్చింది. ఎర్రగా, మెల్లగా, పెద్ద ఊపిరి తీసుకున్నట్టు ఉబ్బింది. పడవ కిందికి దూరింది. కొండడు ఆపలేకపోయిన పడవను, పువ్వును ఎత్తినట్టు ఎత్తేసింది! ఇంత బలం ఎక్కడ దాగిందో అని కొండడు కళ్లప్పగించి చూశాడు.

నీటికుక్కలు తెడ్లు పట్టాయి. కొండడు పళ్లతో సొరబుర్ర పట్టుకుని, కారే నీళ్లు బయటికి తోడాడు. మొదటిసారి వెళ్లేసరికి జింకల మోకాళ్ల దాకా నీళ్లు. రెండోసారికి పొట్టల దాకా. మూడోసారి లంకే లేదు. నీళ్ల మీద తలలు, ఒక తల మీద చిన్న తల. చినతల్లి తన పిల్లను వీపున ఎక్కించుకుని మెడలోతు నీళ్లలో నిలబడి ఉంది.

"పడవ అందర్నీ ఒక్కసారే తీసుకెళ్తుందన్నారు కదా అవ్వా..." అంది వణుకుతూ.

కొండడు తలదించుకున్నాడు. "నావల్లే అక్కా" అన్నాడు. సొరబుర్ర కింద పెట్టి, ఆమె వీపు మీది పిల్లను మెడ పట్టుకుని పడవలోకి లాగాడు.

ముప్పై మందీ ఒడ్డెక్కారు. ఒక్కరు కూడా తగ్గలేదు.

మరుసటి ఏడు పడవకు కొత్త చెక్క వేశారు. మళ్లీ బండి ఎక్కించారు. ఈసారి ఏనుగు పెద్దమ్మే లాగడానికి నిలబడింది. కొండడు మాత్రం వెనక్కి వెళ్లి, మద్దిమోడుకు తాడు చుడుతున్నాడు. ఆ రోజు చినతల్లి వీపు మీద ఉన్న జింకపిల్ల వచ్చి అడిగింది.

"మామా, పెద్దమ్మకు ఇంత బలముందిగా! వెనక తాడెందుకు?"

"బలం ఆమెది. బరువు పడవది తల్లీ" అన్నాడు కొండడు. ముడి సరిచూసి, పళ్లతో ఇంకోసారి బిగించాడు. "ఇక కదపమను."

నీతి: దూరం చిన్నదైతే బరువు చిన్నదైపోదు. దేన్నయినా కదిపే ముందు, దాన్ని ఆపే దారి చూసుకోవాలి.