అరుపుకు ముందు

మా నాటక సమాజం గురువు పుండరీకం మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని తగులుతుంది. అందుకని తెలిసినవాళ్లం అడగం. పోస్టాఫీసు కౌంటరులో పనిచేసే కోమలి కొత్తగా చేరిన మనిషి, అడిగింది.

పరిషత్తు పోటీకి కట్టిన నాటికలో ఆమెది ఆటిజం ఉన్న యువతి వేషం. పెళ్లింటి సందడంతా ఒక్కసారిగా మీద పడితే తట్టుకోలేకపోయే ఘట్టం. సౌండు నా చేతిలో ఉంది గనుక బాజాలు, హారన్లు, కుక్కరు విజిళ్లు ఒకదానిమీద ఒకటి మోగించేశాను. కోమలి చెవులు మూసుకుని, నేలమీద పొర్లి, గావుకేకలు పెట్టింది. మేమంతా చప్పట్లే చప్పట్లు.

"ఇంకా పెంచమంటారా మాస్టారూ?" అంది ఆయాసపడుతూ.

"మన వీధి చివర బైండింగు షాపులో పనిచేసే సరయు ఉంది కదా. ఆటిజం అంటే ఏమిటో ఆమెకి తెలుసు. ఆమెకి చూపించి అడుగు," అన్నారాయన.

మర్నాడు సరయు తల్లితో మా రిహార్సల్ గదికి వచ్చింది. "చప్పట్లు పడితే చాలండీ, చెవులు మూసుకుని బయటికెళ్లిపోద్ది. ఇరవై మూడేళ్లొచ్చినా ఒక్క నాటకం చివరిదాకా చూళ్లేదు," అంది తల్లి. సరయు వస్తూనే తలెత్తి చూసి, గోడ దగ్గరికి వెళ్లి ట్యూబులైటు ఆపేసింది. పదకొండేళ్లుగా ఆ గదిలో ఒక రొద ఉందని, అది ఆగాకే మాకు తెలిసింది. సౌండు తెలిసిన మనిషినని చెప్పుకు తిరిగే నాకు తల కొట్టేసినట్టయింది.

ఈసారి సౌండు లేకుండా కోమలి ఆ ఘట్టం ఆడి చూపింది. సరయు ఆమెవైపు చూడకుండా, బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటూ చెప్పింది: "నేనూ అరుస్తాను. కానీ ముందు చాలాసేపు ఓర్చుకుంటాను. అది ఎవరూ చూడరు."

"పోటీకి నువ్వు రావాలి. నువ్వు చివరిదాకా చూసేలా ఆడతాను," అంది కోమలి.

పోటీనాడు నేను ఒకే ఒక్క సన్నని రొద పెట్టాను, ఆ ట్యూబులైటుది. పెళ్లివారికి మంచినీళ్లు అందిస్తూ, పలకరించినవాళ్లకు తలూపుతూ, కొంగు చాటున కణుపులు లెక్కపెట్టుకుంటూ కోమలి పావుగంట ఓర్చుకుంది. ఆఖరికి నోరు తెరిచింది. అరుపు బయటికి రాకముందే తెర పడింది. హాలులో ఒక్కరూ కదల్లేదు. ఈ సమాజంలో చేరాక నేను అంత గర్వపడిన రోజు ఇంకొకటి లేదు.

కోమలి మొహం మాత్రం వాడిపోయింది. "ఒక్క చప్పటా పడలేదు మాస్టారూ! చెడగొట్టానా?"

మాస్టారు తెర అంచు కాస్త తొలగించి, చివరి వరుసలో తల్లి పక్కన కూర్చున్న సరయుని చూపించారు.

"చేతులు ఎక్కడున్నాయో చూడమ్మా," అన్నారు. "ఒళ్లోనే ఉన్నాయి."