రెండు జడల బొమ్మ

తోలుబొమ్మలాట ఆడించే ఓబులేసుకు కూతురితో వేగలేక ప్రాణం విసిగిపోయింది.

కూతురు రేణుక ఇంటర్ చదువుతోంది. చదువుతోందని ఊరు అనుకుంటోంది. ఆ పిల్ల చేసేదల్లా గది తలుపేసుకుని ఫోనులో తుపాకులు కాల్చడం. అన్నానికి పిలిస్తే "ఈ ఒక్క ఆట నాయనా" అంటుంది. ఆ ఒక్క ఆట అయ్యేసరికి అన్నం చల్లారి, పప్పు గడ్డకట్టి, తల్లికి కళ్ళనీళ్ళు తిరుగుతాయి. ఓబులేసు మంచిమాటగా చెప్పాడు. అరిచాడు. చార్జరు తీసి బియ్యం డబ్బాలో దాచాడు. ఆ పిల్ల పక్కింట్లో చార్జరు అడిగి తెచ్చుకుంది. గోడకు చెప్పుకున్నా ఈపాటికి గోడైనా ఊఁ కొట్టేది.

ఒకప్పుడు ఇదే పిల్ల తెర వెనక తండ్రి పక్కన నిలబడి బొమ్మల కీళ్ళకు ముడులు వేసేది, ఆడబొమ్మలన్నిటికీ గొంతు ఇచ్చేది. అది గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకు కోపం ఇంకా పెరిగేది.

అట్లాంటి సమయంలో పక్క మండలంలోని ఒక హైస్కూలు హెడ్మాస్టరు కబురు పెట్టాడు. ఫోను ఆటల పిచ్చి మీద ఒక బొమ్మలాట కావాలట.

"పిల్లోళ్ళు జడుసుకోవాలప్పా," అన్నాడాయన. "చూసినోడు మళ్ళీ ఫోను ముట్టగూడదు."

ఓబులేసుకు ఇంకేం కావాలి? మంచి మేకతోలు తీసుకుని, తిండీ నిద్రా మానుకుని ఒక ఆడపిల్ల బొమ్మ చేశాడు. నిమ్మకాయలంత కనుగుడ్లు. వాటి కింద మసి పూసినట్టు నలుపు. చెవుల్లోంచి పాములు. కాళ్ళకు సంకెళ్ళు. రెండు చేతులా పట్టుకున్న ఫోను. వీపు మీద రెండు జడలు.

వీధిలో వాళ్ళు చూసి గుండె ఝల్లుమందన్నారు. ఒకామె దగ్గరికొచ్చి, "ఏమప్పా, ఇది మీ రేణుకే గదా?" అంది. పోలిక కుదిరినందుకు ఓబులేసు మురిసిపోయాడు. కోపంలో ఉన్నవాడికి చేతిపని ఒక్కోసారి మహా బాగా కుదురుతుంది.

రేణుక కూడా చూసింది. లోపలికి పోయి గడియ పెట్టుకుంది. ఆనాటి నుంచి "ఈ ఒక్క ఆట నాయనా" అన్న మాట కూడా లేదు. తల్లి గడప దగ్గర కంచం పెట్టి పోతుంది. ఆ పిల్ల ఎప్పుడు తింటుందో, అసలు తింటుందో లేదో ఎవరికీ తెలియదు.

మందు పనిచేస్తోంది అని ఓబులేసు భార్యతో అన్నాడు. భార్య ఆయన వైపు ఒక్క చూపు చూసి వంటింట్లోకి పోయింది. ఆ బొమ్మను, దాంతోపాటు ఆటకు రెండు పాత బొమ్మలను గుడ్డలో చుట్టుకుని గురువు దగ్గరికి బయల్దేరాడు. ఆయనొక్కడు బాగుందంటే చాలు, ఇంక ఎవరేమనుకున్నా ఫరవాలేదు.

గురువు నాగోజీరావు ముసలివాడైపోయాడు. చూపు సన్నగిల్లింది గానీ నోరు సన్నగిల్లలేదు. ఆయన ఇంటి వసారాలో ఎప్పుడూ ఒక తెల్లటి తెర కట్టే ఉంటుంది. పట్టపగలైనా చుట్టూ గోనెపట్టాలు దించి, తెర వెనక బల్బు వేస్తే చాలు.

ఓబులేసు తెర వెనక్కి పోయి బొమ్మను తెరకు ఆనించాడు. గురువు ఇటువైపు చాప మీద కూర్చుని, కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు.

"తోలు బాగా గీకినావు. రంగు గూడా బాగ పట్టింది."

ఓబులేసు పొంగిపోయాడు.

"ఆ జడలు యాడో చూసినట్టుందే?"

"మన పాపే సామీ. ఇంగేం జేయాల? చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. ఆ పాడు తెర ముందర కూచుంటే దానికి లోకమే తెలీదు."

"మన తాతలు ఊర్లకు ఊర్లనే తెల్లార్లూ తెర ముందర కూచోబెట్టినారు గదరా," అన్నాడు గురువు. "సంటిబిడ్డ ఏడుస్తాన్నా తల్లి లేసేది కాదంట. సరే, ఆట చూపీ."

ఓబులేసు తెర వెనక ఆట మొదలుపెట్టాడు. తల్లి బొమ్మ అన్నానికి పిలిచింది. పంతులు బొమ్మ నీతులు చెప్పింది. రెండు జడల పిల్ల ఉలకలేదు, పలకలేదు. చివరికి ఆ పిల్లకు బుద్ధి వచ్చే ఘట్టం వచ్చింది. ఓబులేసు ఆడగొంతుతో రాగం తీశాడు. "ఈ పాడు ఫోను నాకొద్దమ్మా, ఇదో పారేస్తాండా!"

"పారెయ్యలేదే?" అన్నాడు గురువు.

"పారేసినట్టు పాటలో చెప్పినా గదా సామీ."

"పాట నువ్వు పాడినావు. తెర మీద పిల్ల ఫోను పట్టుకోనే ఉంది. మళ్ళా ఆడించు."

ఓబులేసు మళ్ళీ పాడాడు. ఈసారి బొమ్మను గట్టిగా ఊపాడు. పిల్ల మొత్తం ఊగింది, జడలు ఊగాయి, ఫోను మాత్రం రెండు చేతుల మధ్య అట్లాగే ఉంది.

"మళ్ళా."

ఈసారి ఓబులేసు బొమ్మను ఒక్కసారిగా కిందికి విదిలించాడు. పిల్ల ఫోనుతో సహా బోర్లా పడింది.

"ఫోను పారెయ్యమంటే పిల్లను పారేస్తివే," అన్నాడు గురువు. "మళ్ళా."

బల్బు వేడికి ఓబులేసు చొక్కా తడిసి ముద్దయింది. ఇంట్లో ఆ మొండిది, ఇక్కడ ఈ మొండాయన. ఎవరికని చెప్పుకోవాలి? పళ్ళు బిగబట్టి ఇంకోసారి ఆడించాడు. ఇంకోసారి పిల్ల బోర్లా పడింది.

"మళ్ళా."

తెర పక్కకు లాగి ఓబులేసు బయటికి వచ్చాడు. ఏనాడూ గురువు ముందు గొంతెత్తని మనిషి, వసారా అదిరేటట్టు అరిచాడు.

"ఎట్ల పారేస్తాది సామీ? చెయ్యీ ఫోనూ అంతా ఒకటే తోలు! కీలు పెట్టింటే గదా ఆ చెయ్యి ఇడిసేది! నేను పెట్టలేదు గదా!"

అరిచాక ఆ మాట ఓబులేసు చెవికే వినిపించింది. బొమ్మ పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

గురువు బొమ్మను తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళతో కాదు, వేళ్ళతో తడిమి చూశాడు. పక్కనున్న చిన్న ఉలి తీసి, ఫోను చుట్టూ నిదానంగా కోసి తోలులోంచి వేరు చేశాడు. తర్వాత రెండు మణికట్ల దగ్గరా కోశాడు. ఓబులేసు చూడలేక మొహం తిప్పుకున్నాడు. ఆ జడలు, ఆ మొహం తన చేత్తో గీసినవే. ఇప్పుడు ఆ చేతులు తెగుతుంటే నిజంగానే నొప్పి పుట్టింది.

"ఫోనుకు ఆడించే పుల్ల యేరే కట్టుకో," అన్నాడు గురువు. "కీళ్ళ కాడ ముడి మాత్రం నువ్వు ఎయ్యొద్దు."

"ఏం సామీ?"

"నువ్వు బిగిస్తావు. బిగిస్తే కీలు ఆడదు."

"మరి ఎవరితో ఏయించేది?"

"సన్న చేతియేళ్ళు మీ ఇంట్లోనే ఉండాయి గదరా," అని గురువు ఉలి తుడిచి పక్కన పెట్టాడు.

ఓబులేసు ఇంటికి చేరేసరికి గది తలుపు మూసే ఉంది. లోపల తుపాకులు పేలుతున్నాయి. అలవాటు కొద్దీ తలుపు బాదడానికి పిడికిలి ఎత్తాడు. ఎత్తిన పిడికిలిని దించేసి, గడప పక్కన కింద కూర్చున్నాడు.

"అమ్మా రేణుకా. బొమ్మను తప్పుగా చేసినానమ్మా. కీలు పెట్టలేదు. ఇప్పుడు పెడదామంటే ముడి నాకు కుదరడం లేదు. బిగుసుకుపోతాంది."

తుపాకుల మోత ఆగలేదు. భార్య వంటింట్లోంచి తొంగి చూసింది. ఓబులేసు బొమ్మ చుట్టిన గుడ్డ విప్పాడు.

కాసేపటికి లోపల్నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఈ ఒక్క ఆట నాయనా."

"కానీలే తల్లీ," అన్నాడు ఓబులేసు. తెగిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, సూదిలోకి దారం ఎక్కిస్తూ అక్కడే కూర్చున్నాడు.