చూడకుండా పెట్టిన సంతకం

రేగడివలస హైస్కూల్లో సన్యాసిరావు అనే గుమాస్తా ఉండేవాడు. మంచివాడు, పదిమందికీ పనికొచ్చేవాడు, కానీ వచ్చిన కాగితాన్ని చదవకుండానే మూల మీద ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టేసే అలవాటు ఆయనకుండేది.

చదవక్కర్లేదని ఆయన నమ్మకం. పదో తరగతి సంగతులన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఏ సబ్జెక్టుకు ఎన్ని మార్కులొస్తే పాసు, హిందీకి ఎన్ని చాలు, ఒక్కటే పోతే ఏం చేయాలి, రెండు పోతే ఏం చేయాలి, అన్నీ విష్ణుసహస్రనామంలా గడగడా చెప్పేవాడు. ముప్పై ఏళ్ల కిందట ఉద్యోగంలో చేరినప్పుడు శ్రద్ధగా నేర్చుకున్నాడు మరి. ఆ శ్రద్ధకు మనం దణ్ణం పెట్టాల్సిందే. అయితే ఆ ముప్పై ఏళ్లలో పదో తరగతి ఊరుకుందా? పదకొండు పేపర్లు ఆరయ్యాయి. మార్కులు పోయి గ్రేడ్లు వచ్చాయి, గ్రేడ్లు పోయి మళ్లీ మార్కులు వచ్చాయి. పుస్తకాలు మారాయి. మారినప్పుడల్లా పైనుంచి ఒక కాగితం వచ్చేది. సన్యాసిరావు ‘చూశాను’ అని రాసేవాడు, కట్టలో పెట్టేవాడు, పురికొసతో ముడి వేసేవాడు.

ఆ ఊళ్లోనే అంగన్‌వాడీలో పైడితల్లి అనే ఆయా పనిచేసేది. పద్నాలుగేళ్లుగా అదే పని. పిల్లలకు వండిపెట్టడం, ముక్కులు తుడవడం, జోకొట్టడం, నెలనెలా తూకం వేసి బరువులు పలకడం. ఆమె పలికితే వరాలమ్మ టీచరు రిజిస్టరులో రాసుకునేది. వరాలమ్మ వచ్చే జూన్‌లో రిటైరవుతోంది. ఆ ఉద్యోగం ఆయాకే రావచ్చు, కానీ పదో తరగతి పాసై ఉండాలి. పైడితల్లి పదిలో మిగతావన్నీ పాసై లెక్కల్లో తప్పింది. ఆ వేసవిలోనే పెళ్లయింది. ఇదంతా జరిగి పద్దెనిమిదేళ్లయింది. ఆ మార్కుల కాగితాన్ని మాత్రం ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దేవుడి పటం వెనక దాచుకుంది.

జూలైలో ఒకరోజు ఆ కవరు పట్టుకుని స్కూలు ఆఫీసుకు వచ్చింది.

“బాబూ, ఇప్పుడు నాను పది పాసవ్వాలంటే ఏటి సెయ్యాలి?” అని అడిగింది.

సన్యాసిరావు కుర్చీలోంచి లేవలేదు. కాగితం వైపు ఒక్కసారి చూశాడు.

“ఒక్క లెక్కలేగా పోయింది? మార్చిలో ఆ ఒక్కటి రాసెయ్. మిగతా మార్కులు అలాగే ఉంటాయి. బంగారానికి తుప్పు పడుతుందా?” అన్నాడు.

“నిజమేనా బాబూ? ఓపాలి సూసి సెప్పండి.”

“ఇందులో చూడ్డానికేముందమ్మా? నేను చెప్తున్నాను కదా!”

అంతటితో ఆగలేదు. ఎంత పరోపకారి చూడండి! బీరువా వెతికి, దుమ్ము దులిపి, పాత లెక్కల పుస్తకం కూడా తీసి ఆమె చేతిలో పెట్టాడు. పైడితల్లి దాన్ని కళ్లకద్దుకుంది.

ఆ రోజు నుంచి ఆమె పట్టుదల చూడాలి! మధ్యాహ్నం పిల్లలు పడుకోగానే పుస్తకం తెరిచేది. గోడ మీద సుద్దముక్కతో లెక్క చేసేది, తప్పితే చెరిపేది, మళ్లీ చేసేది. నిద్ర లేచిన పిల్లలు గోడ చూసి, “ఆయమ్మా, నువ్వు కూడా గోడ మీద గీసినావు, టీచరుకు సెప్పీస్తాం!” అని బెదిరించేవారు. ఆమె నవ్వి తలా ఒక బెల్లం ముక్క పెట్టి నోళ్లు మూయించేది. అలా నాలుగు నెలలు గడిచాయి.

అక్టోబరు చివర్లో స్కూలు లెక్కల మేడం తేజోవతి అంగన్‌వాడీకి వచ్చింది. గోడ మీది లెక్కలు చూసింది, పుస్తకం చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

“పైడితల్లీ, ఈ పుస్తకం ఇప్పుడు లేదే! ఈ సిలబస్ వాళ్లకు పరీక్షలు ఆపేశారని విన్నాను. నీకెవరు చెప్పారు?”

“గుమస్తా బాబు సెప్పినారు.”

ఇద్దరూ కలిసి ఆఫీసుకు వెళ్లారు. సన్యాసిరావు తల అడ్డంగా ఊపాడు.

“అలాంటి కాగితమే రాలేదు మేడం. వస్తే నా చేతి మీదుగా రావాలి కదా!”

“ఒక్కసారి ఆ కట్టలు విప్పుదామా సార్?” అంది తేజోవతి.

ముడి విప్పారు. మూడో కట్టలో ఆ కాగితం దొరికింది. ఆరేళ్ల కిందటిది. పైడితల్లే దాన్ని వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. పాత సిలబస్ వాళ్లు మిగిలిన పేపర్లు రాసుకునే వీలు ఇక లేదు. పాత మార్కులు చెల్లవు. కావాలంటే ఓపెన్ స్కూల్లో కొత్తగా చేరి, సబ్జెక్టులన్నీ రాయాలి. చదవడం అయ్యాక ఆమె వేలు కాగితం మూలకు వచ్చి ఆగింది.

“బాబూ, ఇక్కడ ‘చూశాను’ అని రాసుంది. ఈ సంతకం ఎవులిదండీ?” అని అడిగింది.

ఆమె వెక్కిరింపుగా అడగలేదు, నిజంగా తెలియకే అడిగింది. అందుకే ఆ మాట సన్యాసిరావుకు గునపంలా దిగింది.

“నాదేనమ్మా,” అన్నాడు.

పైడితల్లి ఏడవలేదు, తిట్టలేదు. కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టింది.

“మా పక్కింటి ముసలమ్మ పోయినేటి పంచాంగం పట్టుకుని ఏకాదశి ఉపవాసముంది బాబూ. ఆకలి మిగిలింది గానీ పుణ్యం రాలేదు. నా సదువు కూడా అలాగే అయిపోయింది,” అంది.

నాలుగు నెలల కష్టం నీళ్లపాలైంది. ఓపెన్ స్కూల్లో చేరడానికి గడువు ఎప్పటిదాకా అని తేజోవతి ఫోన్ చేసి కనుక్కుంది. మర్నాటితో ఆఖరు. అది దాటితే ఏడాది ఆగాలి. ఈలోగా జూన్ వస్తుంది, వరాలమ్మ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు.

మీరైతే ఏం చేసేవారు? “రూలు మారింది, నేనేం చేయను?” అని చేతులు దులుపుకోవడం సులువు. లోకంలో చాలామంది చేసేది అదే. సన్యాసిరావు అలా చేయలేదు. ఆ సింహాద్రి అప్పన్న ఆయనకు మంచి బుద్ధి ఇచ్చాడు.

“పైడితల్లీ, పొద్దున్న మొదటి బస్సుకు తయారుగా ఉండు. నేనూ వస్తాను,” అన్నాడు.

పట్నంలో ఓపెన్ స్కూలు స్టడీ సెంటరు ముందు పెద్ద లైను. వీళ్ల వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. బల్ల వెనక కూర్చున్నాయన తల ఎత్తకుండా అడిగాడు.

“ఏ సబ్జెక్టులు? తొందరగా చెప్పండి.”

సన్యాసిరావు నోటి దాకా ‘లెక్కలు’ అనే మాట వచ్చింది. ఆయన కాలంలో లెక్కలు లేని పది ఉండేదే కాదు. నోరు మూసుకుని జేబులోంచి కళ్లజోడు తీశాడు.

“ఆ నియమాల కాగితం ఓసారి ఇవ్వండి సార్. చదివి చెప్తాను.”

కాగితం నాలుగు పేజీలుంది. మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టి, వేలు పెట్టుకుని, ఒక్కో వాక్యం చదువుతున్నాడు. వెనక లైన్లో సణుగుడు మొదలైంది.

“ఏటి మేస్టారూ, భాగవతం సదువుతున్నారేటి?” అని ఒకాయన అరిచాడు.

“నాకు ఇవాళ ఇదే భాగవతం నాయనా! రెండు నిమిషాలు ఓపిక పట్టు,” అన్నాడు సన్యాసిరావు, తల తిప్పకుండా.

మూడో పేజీలో ఆయన కళ్లు ఆగిపోయాయి. ఇక్కడ అయిదు సబ్జెక్టులు పాసైతే చాలు. అందులో లెక్కలు ఉండి తీరాలని లేదు. కావాలంటే గృహ విజ్ఞానం తీసుకోవచ్చు. బల్ల మీదున్న గృహ విజ్ఞానం పుస్తకం తెరిచి పైడితల్లికి చూపించాడు. ఏ నెల బిడ్డకు ఏం పెట్టాలి, పాలు ఎలా కాయాలి, విరేచనాలు పట్టుకుంటే ఏం చేయాలి.

పైడితల్లి ఆశ్చర్యపోయింది.

“బాబూ, ఇది నాను రోజూ సేసే పనే కదా! దీనికి కూడా మార్కులుంటాయా?”

“ఉన్నాయమ్మా. నువ్వు పద్నాలుగేళ్లు చేసిన పనికి ఒక పుస్తకం వేసి, ఒక పరీక్ష పెట్టారు. ఆరేళ్ల కిందటే నేను ఆ కాగితాలు చదివుంటే నీకు అప్పుడే చెప్పేవాణ్ని,” అన్నాడు ఆయన.

తెలుగు, ఇంగ్లీషు, సైన్సు, సోషలు, గృహ విజ్ఞానం. అయిదూ రాసుకున్నారు. బల్ల వెనకాయన “అయిందా?” అన్నాడు.

“ఆరోది కూడా రాయొచ్చా బాబూ?” అంది పైడితల్లి.

“రాయొచ్చు. కానీ ఎందుకమ్మా? అయిదు చాలు కదా!”

“లెక్కలు కూడా ఎయ్యండి.”

సన్యాసిరావు కంగారుపడ్డాడు. “వద్దే తల్లీ! పద్దెనిమిదేళ్లు నిన్ను ఆపింది అదే కదా!”

“అందుకే బాబూ. పాసవడానికి ఆ అయిదూ ఉన్నాయి. ఇది నా కోసం. నాలుగు నెలలు గోడ మీద రాసినాను, దాని సంగతేటో సూడాలి,” అంది ఆమె.

మర్నాడు ప్రార్థన అయ్యాక సన్యాసిరావు పిల్లలందరి ముందు నిలబడ్డాడు. గుమాస్తా మాట్లాడటం ఆ స్కూల్లో అదే మొదలు. “మన ఊళ్లో పది తప్పినవాళ్లు మళ్లీ చదువుకునే దారి చెప్పే కాగితం ఆరేళ్ల కిందట వచ్చింది. దాన్ని కట్టలో నిద్రపుచ్చింది నేను. మీ ఇళ్లలో అమ్మలో, పిన్నులో, అన్నలో ఉంటే పంపండి. ఈసారి చదివి చెప్తాను,” అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తప్పు చేసినవాడు పదిమందిలో ఒప్పుకుంటే, ఆ చోటు గుడిలాగే ఉంటుంది.

ఇక పైడితల్లి చదువు ఎలా సాగిందో ఏం చెప్పను! సాయంత్రాలు తేజోవతి మేడం లెక్కలూ సైన్సూ చెప్పేది. సన్యాసిరావు ఇంగ్లీషు చెప్పేవాడు. వరాలమ్మ టీచరు, “గిన్నెలు నేను తోముతాలే, నువ్వు చదువుకో,” అని గరిట లాక్కునేది. అయిదేళ్ల పిల్లలు అఆలు దిద్దుతుంటే, వాళ్ల పక్కనే చాప మీద ఆయమ్మ వ్యాసాలు రాసేది. ఒకరోజు ఒక బుడత ఆమె నోట్సు చూసి, “ఆయమ్మా, నీ రాత బాగోలేదు, మళ్లీ దిద్దు,” అన్నాడట. ఆమె బుద్ధిగా మళ్లీ దిద్దిందట.

ఏప్రిల్లో పరీక్షలు రాసింది. మే నెలాఖరులో ఫలితాలు వచ్చాయి. అయిదూ పాసైంది. గృహ విజ్ఞానంలో ఎనభై నాలుగు. లెక్కల్లో ముప్పై ఒకటి. నాలుగు మార్కుల్లో పోయింది.

ఉద్యోగం కోసం పిలిచినప్పుడు ఒక పెద్దావిడ ఆ కాగితం చూసి అడిగింది.

“అమ్మా, ఇందులో లెక్కలు ఫెయిలని ఉందే?”

“అవునండీ. పాసవడానికి అది అక్కర్లేదు. లెక్కలు రావాలని రాసినాను. క్రితంసారి పదకొండు వచ్చినాయి, ఈసారి ముప్పై ఒకటి వచ్చినాయి. మళ్లీ రాస్తాను,” అంది పైడితల్లి.

ఆవిడ కలం కింద పెట్టింది.

“తప్పిన మార్కులు దాచుకునేవాళ్లనే చూశాను. అక్కర్లేని పరీక్షను కోరి రాసి, తప్పి, తల ఎత్తుకుని చెప్పే మనిషిని ఇవాళే చూస్తున్నాను. పిల్లలకు చదువంటే ఏమిటో నీకంటే బాగా ఎవరు చెప్తారు?” అంది.

జూన్‌లో పైడితల్లి టీచరైంది. మొదటి రోజు పిల్లలను తూకం వేసి, బరువులు తానే పలికి, రిజిస్టరులో తానే రాసుకుంది.

కనుక పిల్లలూ, పెద్దలూ, ఈ కథలోని నీతి ఇది: చదువు దారులు కాలంతో మారుతూనే ఉంటాయి, ఒకరి బతుకు మన మాట మీద ఆధారపడినప్పుడు, ఎంత బాగా తెలిసిన సంగతినైనా మరోసారి చూసుకుని గానీ చెప్పకూడదు.